చల్లని చెయ్యి

మగవాళ్ళ సర్జికల్ వార్డు,
సిస్టర్ల గది.

చిరంజీవి యజమానురాలికి,

అత్త ఆశీస్సులు. ఫోన్ చేస్తే ఎత్తననీ, ఎత్తినా "రౌండ్స్ టైం" అని పెట్టేస్తాననీ నిష్ఠూరమాడావు. నిజమే. డ్యూటీలో నా ఫోన్ లాకర్లో ఉంటుంది, ఇంటికొచ్చాక నా కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో ఉంటాయి. ఉత్తరమైతే నేను తిట్టేదంతా నువ్వు మధ్యలో అడ్డం రాకుండా చివరిదాకా చదవాలి. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం.

ఇక అసలు సంగతి. మీ నర్సింగ్ కాలేజీలో చివరి సంవత్సరం పిల్లలందరికీ ప్రశ్నపత్రం పంచి, ఎవరికెంత వ్యాపార దృక్పథం ఉందో కొలిచారనీ, నలభై ఎనిమిది మందిలో నువ్వే ఫస్టనీ రాశావు. కొలవడానికి మీ వాళ్ళకి ఇంకేం దొరకలేదా? బీపీ కొలవడం ఎంతమందికి వచ్చో కొలిచారా? కిందటేడు మీ కాలేజీ నుంచి మా వార్డుకి పోస్టింగుకొచ్చిన పిల్ల ఒకతె పట్టీ తలకిందులుగా కట్టి, రీడింగ్ రావట్లేదని మిషన్ నెత్తిన రెండు మొట్టింది. ఆ పిల్లకి ఎన్నో ర్యాంకొచ్చిందో కనుక్కో. రెండోది అయ్యుంటుంది.

ప్రశ్నలు కూడా ముచ్చటపడి రాసి పంపావు. "నేను ఉద్యోగం వెతుక్కునే మనిషిని కాదు, ఇచ్చే మనిషిని. ఒకటి నుంచి ఐదు మార్కులు వేయండి." ఐదు వేశావు. "రిస్కు అంటే నాకిష్టం." దానికీ ఐదే. ఒసే, నర్సుకి రిస్కు ఇష్టమేమిటే? అలాంటిది నా వార్డులో ఉంటే ఆ పూటే ఇంటికి పంపిస్తాను.

డిగ్రీ చేతికి రాలేదు, రిజిస్ట్రేషన్ నంబరు రాలేదు, కంపెనీకి మాత్రం పేరు పెట్టేశారు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది మీ యవ్వారం. పోనీ ఆ పేరన్నా తిన్నగా పెట్టారా? "చల్లని చెయ్యి" అట. చెయ్యి చల్లబడిందంటే దానికి రక్తం అందట్లేదని అర్థం. ఫస్టియర్లో చెప్పలేదా మీకు? మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సేవ చేస్తారట, దానికి ప్యాకేజీలట. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

మీ పరీక్షలవగానే మా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూలున్నాయి. మేట్రన్ గారి చెవిన వేసి ఉంచాను. వచ్చి బుద్ధిగా చేరి, పని నేర్చుకో. నిన్ను సిస్టర్ అని పిలిచే రోజు కోసం నేను నాలుగేళ్ళ నుంచి చూస్తున్నాను. ప్రొప్రైటర్ అని పిలిచే రోజు కోసం కాదు.

మీ అత్త

—

లేడీస్ హాస్టల్, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం.

అత్తకి,

యజమానురాలు రాయునది.

నువ్వు తిట్టినవన్నీ చివరిదాకా చదివాను. ఇప్పుడు నేను రాసేది నువ్వూ చదవాలి మరి. ముప్పై ఒక్క ఏళ్ళు సర్వీసు చేశావు. నీకేం మిగిలింది? కాళ్ళలో తాళ్ళలా ఉబ్బిన నరాలు. నా వయసు కూడా లేని హౌస్ సర్జన్‌కి సెలైన్ ఎక్కించడం నువ్వే నేర్పుతావు, నేర్చుకున్న మర్నాడు వాడు నీకేసి చూడకుండా "సిస్టర్, కత్తెర" అని చెయ్యి చాస్తాడు. నీకో పేరుందని ఆ ఆసుపత్రిలో ఎవరికైనా తెలుసా? రిటైరయ్యే రోజున గోడ గడియారం ఒకటిచ్చి, ఇక ఇంటికెళ్ళి టైం చూసుకో అంటారు. ఆ పిలుపు కోసం నేను ఎదురుచూడాలా? నాకక్కర్లేదు.

మేం ముగ్గురం. ఒకతెని బొంగరం అంటాం, ఒక్కచోట నిలవదు. రెండోదాన్ని గుసగుస అంటాం, దాని మాట దానికే వినపడదు. చెవుడున్న ముసలాళ్ళకి మాత్రం అదంటేనే ఇష్టం, అదేమన్నా తమ మాట ఒప్పుకున్నట్టే ఉంటుందని. రిటైరైన ట్యూటరమ్మ మా మీద పర్యవేక్షణకి ఒప్పుకున్నారు. మందులూ సూదులూ మేం ముట్టుకోం. స్నానం చేయించడం, పక్క మార్చడం, మంచంలో అటూ ఇటూ తిప్పడం, కాళ్ళూ చేతులూ ఆడించడం వరకే. పొద్దున, సాయంత్రం, మధ్యలో క్లాసులు లేనప్పుడు.

కాలేజీ వాళ్ళు మాకు ఆఫీసు కూడా ఇచ్చారు. అనాటమీ అస్థిపంజరం ఉండే గది. దాన్ని మూలకి జరిపి బల్ల వేసుకున్నాం. గురువారం గురువారం మేనేజ్‌మెంట్ కాలేజీ నుంచి ఒక సార్ వచ్చి మాకు వ్యాపారం నేర్పుతారు. పేషెంటు అనకూడదు, కస్టమర్ అనాలి, అన్నారు. ఆయన అస్థిపంజరం వైపు వీపు పెట్టి కూచుంటారు, ఎదురుగా కూచుంటే మాట తడబడుతుందని.

నవ్వుకో, ఫర్వాలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే గుణం మన ఇంట్లో ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నాకు తెలుసు.

నీ మేనకోడలు

—

మగవాళ్ళ సర్జికల్ వార్డు.

యజమానురాలికి,

నా కాళ్ళ నరాల మీద మంచి వ్యాసం రాశావు. వాటిని చూసి జాలిపడమని నేను నిన్నడగలేదు. వాటి మీద నిలబడే నిన్ను చదివించాను.

కస్టమర్ అనాలట! షాపు నచ్చకపోతే లేచి పక్క షాపుకి పోయేవాణ్ణి కస్టమర్ అంటారు. మా ఎనిమిదో నంబరు బెడ్ వాడు లేచి బాత్రూముకే పోలేడు. నీ గురువారం సార్ని ఒక్కసారి బెడ్ ప్యాన్ పట్టుకోమను. ఆ తర్వాత ఏమని పిలవాలో ఆయనకే తెలుస్తుంది.

ఒక్కసారి వచ్చి మా వార్డు చూడు. ముప్పై బెడ్లు, మంచం పక్కన ఒక్క బంధువు కనపడడు. పొద్దున్న ఏడింటికి గంట కొట్టించి పెళ్ళాల్నీ కొడుకుల్నీ అందర్నీ వరండాలోకి తరుముతాను. తెలిసినవాళ్ళు పని చేస్తుంటే తెలియనివాళ్ళు అడ్డం నిలబడకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే నా పద్ధతి. దాన్ని నర్సింగ్ అంటారు. మీది వేషం.

మీ అత్త

—

పాత అస్థిపంజరం గది.

అత్తకి,

నవ్వనని ఒట్టేసి చదువు. మొదటి నెల్లో మాకు ఐదుగురు కస్టమర్లు వచ్చారు. ఐదుగురూ వెళ్ళిపోయారు. ఎవరూ చచ్చిపోలేదు, నువ్వు అడక్కముందే చెప్తున్నాను.

ఏం జరిగిందంటే, ఫస్టియర్ నుంచీ మా బుర్రల్లోకి ఒకటే ఎక్కించారు కదా, ఏ పని చేసినా ఇంట్లోవాళ్ళకి చెప్తూ చెయ్యి, తర్వాత వాళ్ళ చేత చేయించి చూడు అని. అలవాటుగా అదే చేశాం. డ్రిల్లు మాస్టారికి తుంటి విరిగింది. ఆయన్ని ఎలా పక్కకి తిప్పాలో మొదటి రోజు కోడలికి చూపించాం, రెండో రోజు ఆవిడ మాతో కలిసి తిప్పింది, మూడో రోజు మేం చూస్తుంటే తనే తిప్పింది. నాలుగో రోజు వెళ్తే "ఇంకెందుకమ్మా మీకు శ్రమ" అంది. బేకరీ ఆయన తల్లికి షుగరు పుండు. నాలుగో రోజున ఆయన తలుపు తీసి, కడిగి తుడిచి నీటుగా ఉన్న తల్లి పాదాన్ని మాకు చూపించి, బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టి పంపేశాడు. మిగతా ముగ్గురిదీ అదే కథ, బిస్కెట్లు తప్ప.

గురువారం సార్ బోర్డు మీద గీత గీశారు. పైనుంచి మొదలై నేల దాకా వచ్చింది. "ఏ డ్రైవరైనా ప్యాసింజరుకి డ్రైవింగ్ నేర్పి, తాళాలు చేతికిచ్చి దిగిపోతాడా?" అని అరిచారు. "మరి టీచర్ల సంగతేంటి సార్?" అంది బొంగరం. ఆయన వినపడనట్టు నీళ్ళు తాగారు. విద్య మీ దగ్గరే ఉంచుకోండి, వాళ్ళకి మీ అవసరం ఎప్పటికీ తగ్గకూడదు, అదే వ్యాపారం, అని చెప్పి వెళ్ళారు.

ఆయన మాటలో తప్పేముందత్తా? నాలుగేళ్ళు చదివి నేర్చుకున్నది మూడు పూటల్లో బిస్కెట్లకి ఇచ్చేశాం. సిగ్గుగా ఉంది.

నీ మేనకోడలు

—

సిస్టర్ల గది.

యజమానురాలికి,

నవ్వాను. ఎంతలా అంటే, టీ పొలమారి డ్యూటీ చార్టు మీద పడింది. మేట్రన్ గారు వచ్చి ఏమైందని అడిగితే మా అన్న కూతురు దివాలా తీసిందండీ అన్నాను. పాపం ఓదార్చబోయింది.

ఒసే పిచ్చిదానా, వంటవాడు అందరికీ వంట నేర్పి పస్తు పడుకున్నట్టుంది మీ సంగతి. ఇలాంటి పొరపాటు నర్సులు తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యరు. మీ నెత్తిన ఎక్కించిన ఆ చదువు ఎంత గట్టిగా పట్టుకుందో చూడు, వ్యాపారం చేద్దామని బయల్దేరినా వదల్లేదు. ఆ డ్రిల్లు మాస్టారి కోడలికి ఎవరు తిప్పుతున్నారన్నది ముఖ్యమా, ఆయన వీపు బాగుందా లేదా అన్నది ముఖ్యమా?

నీ సార్ మాట మాత్రం చెవిన పెట్టకు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. అంటే రోజుకి పన్నెండుసార్లు. మీరు చచ్చీ చెడీ నాలుగుసార్లు వెళ్తారు. మిగతా ఎనిమిదిసార్లు ఎవరు తిప్పుతారు, ఆయనా? అడిగి రాయి.

దుకాణం మూసేసి చదువుకో.

మీ అత్త

—

చల్లని చెయ్యి గృహ సేవలు,
కాలేజీ ఆవరణ.

గౌరవనీయులైన అత్తకి,

దుకాణం మూయలేదు. లెటర్ హెడ్ కూడా అచ్చయింది, చూశావుగా.

ఇప్పుడు మాకు ముగ్గురు నెలవారీ కస్టమర్లు. ఎవరూ మానలేదు. మా పద్ధతి కొంచెం మార్చుకున్నాం. అన్నీ నీకు వివరంగా రాయక్కర్లేదు.

ఒక ఇంటి గురించి మాత్రం రాస్తాను, నీకు నచ్చుతుంది. గడియారాలు బాగుచేసే ఆయన. పక్షవాతం వచ్చి ఎడమవైపంతా పడిపోయింది, మూడు నెలలైంది. కొట్టు మూసేసి గడియారాలన్నీ ఇంట్లో పెట్టుకున్నారు. గోడల నిండా అవే. గంటైతే చాలు, ఒకదాని వెనక ఒకటి కొడతాయి, ఏ రెండూ కలవవు. ఆయన కుడి చేత్తో ఏది ముందుందో, ఏది వెనకబడిందో వేళ్ళు చూపిస్తుంటారు. ఇద్దరే ఉంటారు. ఆవిడ సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది గానీ మేం వెళ్ళకముందు ఆయన్ని తనే దొర్లించేదట, దుప్పటి పట్టి లాగి. మేం ఏం చేస్తున్నా పక్కనే నిలబడి "అదెందుకమ్మా, ఇదెందుకమ్మా" అని అడుగుతుంది. చెప్పాల్సింది చెప్పాను.

వచ్చే సోమవారం నుంచి పరీక్షలు. ఐదు రోజులు ఉత్తరం రాయను. ఇంటర్వ్యూ సంగతి మర్చిపో. నాకు ఆ అవసరం రాదు.

నీ మేనకోడలు

—

మగవాళ్ళ సర్జికల్ వార్డు.

పదకొండో నంబరు బెడ్. మగ. అరవై ఎనిమిదేళ్ళు. ఎడమవైపు పక్షవాతం. మీ ఊరి ఆసుపత్రి నుంచి నిన్న మధ్యాహ్నం పంపించారు. జ్వరం నూట రెండున్నర. నడుము కింద ఎముక మీద పడక పుండు, నా అరచేతి మధ్య భాగమంత వెడల్పు, వేలి గోరు మునిగేంత లోతు. మడమ మీద నల్లని పొక్కు. వచ్చేసరికి వాసన.

భార్యని వరండాలోకి పంపించి పుండు విప్పాను. కడిగి కట్టు కట్టాక బయటికెళ్ళి అడిగాను, ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా, అని. ఆవిడ చెప్పింది రాస్తున్నాను, ఒక్క ముక్క నాది కాదు.

"రెండు నెలలు నేనే అటూ ఇటూ దొర్లించేదాన్నండీ, ఏం కాలేదు. తర్వాత నర్సమ్మ వచ్చింది. చాలా మంచి పిల్ల. నాకూ నేర్పమ్మా అన్నాను. ఇది చదువుకున్నవాళ్ళు చేసే పని, మీరు లాగితే భుజం జారిపోతుంది, తోలు ఊడొస్తుంది, ఇక ముట్టుకోకండి, మేం చూసుకుంటాం అంది. సరే అన్నాను. పరీక్షలని ఐదు రోజులు రాలేదు. గడియారాలు కొట్టినప్పుడల్లా లేచి ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని. ముట్టుకోవద్దంది కదా అని చేతులు కట్టుకు కూచునేదాన్నండీ."

ఆవిడ సంచిలో మీ కార్డు ఉంది. చల్లని చెయ్యి. అందులో ప్రతి రాకకీ తేదీ, సంతకం. చివరి సంతకం నీది, పరీక్షల ముందు రోజు సాయంత్రం. దాని పక్కన "చర్మం: కొంచెం ఎరుపు" అని రాసుంది. నేను నీకెవరినో ఆవిడకి చెప్పలేదు.

ఆ ఎరుపుని బొటనవేలితో నొక్కి చూశావా?

అత్త

—

లేడీస్ హాస్టల్.

అత్తా,

నొక్కి చూశాను. తెల్లబడలేదు.

తెల్లబడకపోతే ఏమిటో నాకు తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, మంగళవారం పేపర్లో. ఎరుపు నొక్కితే తెల్లబడకపోతే అది పుండుకి మొదటి మెట్టు, అప్పట్నుంచి ఆ భాగం మీద బరువు పడకూడదు, కుటుంబ సభ్యులకి వెంటనే నేర్పాలి అని పేజీన్నర రాశాను. అయినా హాల్లోంచి లేచి వెళ్ళలేదు. సాయంత్రం వెళ్దామనుకున్నాను, మర్నాటి పేపరు చదవాలని ఆగిపోయాను. ఆ తర్వాత, ఆవిడేదో ఒకటి చేసుకుంటుందిలే అనుకున్నాను. ముట్టుకోవద్దని చెప్పింది నేనేనని మర్చిపోయినట్టు నటించాను, నా దగ్గరే.

ఎందుకు చెప్పానో కూడా రాస్తాను. భుజం జారుతుందన్నది అబద్ధం కాదు. పడిపోయిన చెయ్యి పట్టి లాగితే జారుతుంది. ఎలా లాగకూడదో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ వారమే ఆవిడ రెండో నెలకి మమ్మల్ని ఉంచాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఆ రెండు నిమిషాలూ నేను దాచుకున్నాను. గురువారం సార్ చెప్పారని ఆయన మీదకి నెట్టేద్దామని ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆయన అక్కడ లేరు. నేనున్నాను.

కంపెనీ మూసేశాం. లెటర్ హెడ్లు బొంగరం చింపి చెత్తబుట్టలో వేసింది. నువ్వే గెలిచావు. ఇంటర్వ్యూకి వస్తాను. నీ వార్డులో ఏ మూల నిలబడమంటే ఆ మూల నిలబడి, బెడ్ ప్యాన్లు కడగమంటే కడుగుతాను. నాకు అదే శిక్ష.

ఆయన బతుకుతారా?

నీ మేనకోడలు

—

మగవాళ్ళ సర్జికల్ వార్డు,
వరండా బెంచీ.

ఒసే,

బతుకుతాడు. జ్వరం దిగింది. నిన్న మందుల ట్రాలీ మీదున్న గడియారం రెండు నిమిషాలు వెనక ఉందని వేలు చూపించాడు.

ఇక నీ సంగతి. శిక్ష అనుభవించడానికి నా వార్డుకి వస్తావా? ఇదేమన్నా జైలనుకున్నావా? బెడ్ ప్యాన్ కడగడం నీకు శిక్షా? ముప్పై ఒక్క ఏళ్ళుగా అది నాకు పని. తప్పు చేసి, ఏడ్చి, చేతులు కాలాక ఆకులు పట్టుకుని, దుకాణానికి తాళమేసి పారిపోవడం మీ గురువారం సార్ నేర్పిన పాఠం కూడా కాదు. అది పిరికితనం. సొంతంగా తెచ్చుకున్నావు.

నాలుగు పేజీలు తిడదామని కూచున్నాను. ఈ ఒక్కటితో ఆగిపోయాను, ఎందుకో రాస్తాను.

మొన్న ఆవిడకి చెప్పేశాను, ఆ పిల్ల మా అన్న కూతురు, నేనే దగ్గరుండి నర్సింగులో చేర్పించాను అని. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. నాకేసి చూసి, "అలాగా. ఆ పిల్లేమో ముట్టుకోవద్దంది. మీరేమో గంట కొట్టి వరండాలో నిలబెట్టారు. ఒక ఇంటివాళ్ళే" అంది. కోపంగా కూడా అనలేదు. రెండు రెళ్ళు నాలుగు అన్నట్టు అంది.

అప్పట్నుంచి నాకు పని మీద ధ్యాస లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు. రోజూ గంట కొట్టించాను. మంచాల మీదున్నవాళ్ళకి నా చేత్తో అంతా చేసి, పుండు పడకుండా చూసి, డిశ్చార్జి రోజున కాగితం మీద "రెండు గంటలకోసారి తిప్పవలెను" అని రాసి పంపించాను. ఎవరు తిప్పాలి? ఎలా తిప్పాలి? వరండాలో నిలబడ్డవాళ్ళకి ఏం కనపడిందని? ఇళ్ళకెళ్ళాక వాళ్ళు ఏమయ్యారో నాకు తెలీదు. తిరిగొచ్చిన వాళ్ళని చూసి "చూశారా, ఇళ్ళల్లో ఎంత నిర్లక్ష్యమో" అని జూనియర్ల ముందు మూతి తిప్పాను. నువ్వు ప్యాకేజీ కోసం దాచుకున్నావు. నేను ఊరికే దాచుకున్నాను, నా వార్డు నీటుగా కనపడాలని. నిన్ను వేషం అన్నాను. అద్దంలో చూసుకోకుండా అన్నాను.

నిన్న ఏడింటికి గంట కొట్టించలేదు. ఆయాకి మతిపోయి రెండుసార్లొచ్చి గుర్తుచేసింది. ఆవిడని లోపలికి పిలిచి, ముందు నేను తిప్పాను, తర్వాత ఇద్దరం తిప్పాం, తర్వాత ఆవిడ తిప్పింది. మోకాళ్ళ మధ్య దిండు, మడమ పక్కకి ఆనకుండా కింద గాలి ఆడేంత ఎత్తు, దుప్పటి ముడత లేకుండా. గంట కూడా పట్టలేదే. ముప్పై ఒక్క ఏళ్ళు నేను మిగుల్చుకున్నది ఈ గంట.

ఆదివారం పొద్దున్న బస్సుకి రా. ఆవిడ ముందు నిలబడు. క్షమించమని కాళ్ళ మీద పడి ఆవిడ పని చెడగొట్టకు. ఆయన్ని తిప్పే టైం అయ్యాక ఆవిడ ఎలా చెప్తే అలా తిప్పు.

మీ అత్త

—

పాత అస్థిపంజరం గది.

అత్తకి,

ఆ ఆదివారం గురించి ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. ఆవిడ నన్ను చూసి, పక్కకి జరిగి మంచం దగ్గర చోటిచ్చింది. "అలా కాదమ్మా, చెయ్యి భుజం కింద పెట్టు, లాగకు, ఎత్తు" అని మాత్రం చెప్పింది. నేను చెప్పాల్సిన మాట, ఆవిడ నోటి నుంచి విన్నాను. ఆయన కుడి చేత్తో నా మణికట్టు పట్టుకుని నా వాచీ చూసి, వేలు ఊపారు. మూడు నిమిషాలు ముందుంది. నువ్వు అటు తిరిగి మందుల ట్రే సర్దుతున్నట్టు నటించావు, నేను చూశాను.

కంపెనీ మళ్ళీ తెరిచాం. గురువారం సార్‌కి కొత్త కార్డు చూపించాం. వెనక ఇలా ఉంది: "మూడుసార్లు వస్తాం. మీకు నేర్పి వెళ్తాం. నాలుగోసారి మా అవసరం పడితే తప్పు మాది, ఊరికే వస్తాం." ఆయన రెండుసార్లు చదివి, ఇది వ్యాపారం కాదమ్మా, ఆత్మహత్య అన్నారు. ఆ తర్వాతి గురువారం రాలేదు. బొంగరం ఆయన కుర్చీలో అస్థిపంజరాన్ని కూచోబెట్టింది. తేడా ఏమీ తెలియట్లేదు.

అయితే ఒక చిత్రం జరుగుతోంది. డ్రిల్లు మాస్టారి కోడలు ఇద్దరికి చెప్పింది, బేకరీ ఆయన నలుగురికి. నేర్చుకున్నవాళ్ళు మమ్మల్ని మానేస్తున్నారు, మానేసినవాళ్ళే ఇంకొకళ్ళని పంపిస్తున్నారు. దీనికి గీత ఎలా గియ్యాలో మాకు తెలీదు.

కాలేజీలో ఆ ప్రశ్నపత్రం మళ్ళీ ఇచ్చారు, అప్పటికీ ఇప్పటికీ ఎంత ఎదిగామో చూడ్డానికి. "కస్టమర్ నా మీద ఆధారపడేలా చేసుకోగలను" అన్నదానికి సున్నా వేసే వీల్లేక ఒకటి వేశాను. "రిస్కు ఇష్టం"కి కూడా ఒకటే. నలభై ఎనిమిది మందిలో నలభై ఎనిమిదో ర్యాంకు. మార్కుల కాగితం జతచేస్తున్నాను, కావలసినంత నవ్వుకో.

ఒక్కటే మనసులో ముల్లులా ఉంది. వాళ్ళు డిశ్చార్జి అయి వచ్చి నెల దాటింది. నా నంబరు ఆవిడ సంచిలో పెట్టాను, ఏ టైంలో పిలిచినా పరిగెత్తుకొస్తానని చెప్పాను. ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా గడియారాలు కొట్టడం వినపడుతుంది, తలుపు తట్టడానికి ధైర్యం చాలదు. ఆవిడ నన్ను క్షమించలేదేమో అత్తా. ఈసారి రివ్యూకి వచ్చినప్పుడు నువ్వే అడగవూ?

నీ మేనకోడలు

—

మగవాళ్ళ సర్జికల్ వార్డు,
సిస్టర్ల గది.

సిస్టర్‌కి,

నీ మార్కుల కాగితం డ్యూటీ చార్టు పక్కన గోడకి అంటించాను. ఆఖరి ర్యాంకు కాగితాన్ని ఇంత గర్వంగా అంటించిన వెర్రిదాన్ని ఈ ఆసుపత్రి ఇంతవరకు చూసుండదు. మేట్రన్ గారు ఇదేమిటని అడిగితే, మా కంపెనీదండీ అన్నాను. మా అన్నానని నీకు అభ్యంతరమైతే చెప్పు. ఆర్నెల్లలో రిటైరవుతున్నాను, వాళ్ళిచ్చే గోడ గడియారం చూసుకుంటూ ఇంట్లో కూచోవడం నా వల్ల కాదు. ఆ గుసగుసకి మాత్రం గొంతు పెంచమని చెప్పు, నాకూ చెవులు మందగిస్తున్నాయి.

ఏడు గంటల గంటకి గుడ్డ చుట్టించాను. వార్డు ఇప్పుడు సంతలా ఉంది. మంచానికో పెళ్ళాం, మంచానికో కొడుకు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు దిండ్లు సర్దుతున్నారు. నా కాళ్ళకి కాస్త తెరిపి దొరికింది.

నిన్న వాళ్ళు రివ్యూకి వచ్చారు. పుండు చిటికెన వేలి గోరంత మిగిలింది, అడుగున ఎర్రగా, శుభ్రంగా. మడమ మానిపోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఒక్క గడియారమే కొడుతుందట, రెండు గంటలకోసారి. మిగతావాటి నోళ్ళు ఆయనే కుడి చేత్తో ఒక్కోటీ మూయించాడట.

నువ్వడగమన్నావుగా, అడిగాను. మా పిల్ల మీ పిలుపు కోసం ఎదురుచూస్తోందమ్మా, దాని మీద ఇంకా కోపమా, అన్నాను. ఆవిడ ఆయన చొక్కా గుండీలు పెడుతూ నాకేసి వింతగా చూసింది.

"కోపమెందుకండీ? పిలవడం మాత్రం ఎందుకు? నాకు వచ్చుగా" అంది.

మీ అత్త